ఎర్రనేల కుంటకు ఏ పట్ట?

అనంతపురం: వానలకు నిండిన సేద్యపు కుంట కొన్నాళ్లకే అడుగు తేలితే చీనీ చెట్లు వేసవి గట్టెక్కేదెలా? ఎండకు పోయేది కొంత, ఎర్రనేల తాగేది మరింత. నల్లరేగడిలో ఈ బాధ తక్కువ. బోర్లలో ఊట పెరగాలని తవ్వే కుంటకు పట్ట వేయనే కూడదు.

కుంటలకు సాధారణంగా వేసేది 500 మైక్రాన్ల పట్ట, అంటే అర మిల్లీమీటరు మందం. పల్చని టార్పాలిన్ చౌకే గాని, ఎండకు పెళుసెక్కి చిట్లుతుంది. అల్లిక పట్టయితే ఐ.ఎస్. 15351 ముద్ర చూసి కొనాలి. అంత స్తోమత లేకుంటే 6 పాళ్ల మట్టికి 1 పాలు సిమెంటు కలిపి పూసుకోవచ్చు.

చాలామంది పొరబడేది కొలతలోనే. 20 మీటర్ల చదరం, 3 మీటర్ల లోతు, 1:1 వాలు ఉన్న కుంటకు 20 మీటర్ల పట్ట చాలదు. అడుగు 14, రెండు వాలులూ కలిసి ఎనిమిదిన్నర, గట్టుమీది గాడిలో పూడ్చేందుకు ఇరువైపులా ఒక్కో మీటరు. వెరసి 24న్నర మీటర్ల చదరం కావాలి.

పరిచేముందు రాళ్లు, వేళ్లు ఏరి మెత్తటి మట్టి చల్లాలి. గేదె దిగితే పట్ట చిరుగుతుంది. అంతకన్నా భయం పిల్లలతో. తడి పట్టమీద జారినవారు పైకి రాలేరు. చుట్టూ కంచె, నీటిదాకా ముడుల తాడు తప్పనిసరి.