టీఎస్‌హెచ్ నార్మలే, లోపం మాత్రం ఉంది!

పలమనేరు నుంచి ఒక పాఠకురాలు రాశారు: “కాన్పులో రక్తం శానా పోయింది. బిడ్డకు పాలు పడలేదు, మళ్లీ ముట్టు రాలేదు. ఒంట్లో సత్తువ లేదు, ఎండాకాలంలోనూ చలే. టీఎస్‌హెచ్ నార్మల్ అంటున్నారు. థైరాయిడ్ కాదంటారా?”

ఇంత మంచి ప్రశ్నను వదలడం ఎలా? మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోన్ పంపితే, మెడలోని థైరాయిడ్ టీ4 అనే హార్మోన్ తయారుచేస్తుంది. టీ4 తగ్గితే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. పరీక్ష ఆ పెరుగుదలనే పట్టుకుంటుంది. మరి పీయూష గ్రంథే చెడితే?

గర్భిణిలో ఈ గ్రంథి పెరుగుతుంది. కాన్పులో రక్తస్రావం మితిమీరితే రక్తం అందక చచ్చుబడవచ్చు. బ్రిటన్ వైద్యుడు హెరాల్డ్ షీహన్ 1937లో దీన్ని వివరించాడు. 1914లో హాంబర్గ్‌లో మోరిస్ సిమండ్స్ రాసిన కేసు పుణ్యమా అని, పీయూష గ్రంథి పోతే మనిషి చిక్కి శల్యమవ్వాల్సిందేనని వైద్యులు చాలాకాలం నమ్మారు. అది తప్పు, చాలామంది చిక్కరని షీహనే తేల్చాడు.

అసలు వింత ఇక్కడుంది. గ్రంథి చెడితే టీఎస్‌హెచ్ అడుగంటాలి కదా? తరచూ అలా జరగదు. నార్మల్‌గా, ఒక్కోసారి కాస్త ఎక్కువగా కూడా కనిపిస్తుంది! టీఎస్‌హెచ్ ఉత్త ప్రోటీన్ కాదు, దానికి చక్కెర గొలుసులు అతుక్కుని ఉంటాయి. వాటి అమరిక మారితే ఆ హార్మోన్ థైరాయిడ్‌ను సరిగా కదిలించలేదు. ఇటలీ శాస్త్రవేత్త పావొలో బెక్-పెకోజ్ బృందం 1985లో చూపించింది ఇదే: ఇలాంటి రోగుల టీఎస్‌హెచ్ తనను అందుకోవాల్సిన గ్రాహకాలను గట్టిగా పట్టుకోలేదు. ల్యాబ్ యంత్రం మాత్రం దాన్నీ లెక్కలో వేసుకుంటుంది. చెల్లని నోట్లను కలిపి లెక్కపెట్టినట్టే, మొత్తం సరిపోతుంది, సరుకు రాదు. పైగా రాత్రిపూట సహజంగా పెరగాల్సిన టీఎస్‌హెచ్ వీళ్లలో అంతగా పెరగదు.

బాలింతలకే కాదు, రక్తపింజర కాటు నుంచి బతికిన వారికీ పీయూష గ్రంథి దెబ్బతినవచ్చు. బర్మా రోగుల్లో కనిపించిన ఇలాంటి కేసులను 1987లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. దక్షిణ భారతంలోనూ కేసులున్నాయి. చేలల్లో తిరిగేవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

ఒక్క టీఎస్‌హెచ్‌తో సరిపెట్టే ప్యాకేజీలంటే నాకు ఒళ్లు మంట. ఫ్రీ టీ4 కూడా చూడాలి. అది తక్కువగా ఉండి టీఎస్‌హెచ్ పెరగకపోతే అనుమానం పీయూష గ్రంథి మీదే. అప్పుడు ముందు, పీయూష గ్రంథి అదుపులోనే ఉండే మరో హార్మోన్ కార్టిసాల్ చూడాలి. అది తక్కువైతే, దాన్ని సరిచేయకుండా థైరాక్సిన్ (టీ4) మందు మొదలుపెట్టడం ప్రాణాపాయం.

అమ్మా, రాయవేలూరు సీఎంసీలోనో, తిరుపతి స్విమ్స్‌లోనో హార్మోన్ల డాక్టరును కలవండి. రిపోర్టు చూపించే ముందు కాన్పులో ఏం జరిగిందో చెప్పండి.