ప్రాణం బయటికి వెళ్లి వచ్చిందా?

గత శీతాకాలంలో ఒక రాత్రి, ఇషా నమాజ్ ముగిసిన తర్వాత, నస్పూర్‌లోని మా మదర్సాకు ఒక తండ్రి తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని వచ్చారు. ఆ యువకుడు బొగ్గుగని కార్మికుడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి, తెల్లవారాక పడుకున్నాడు. కాసేపటికి మెలకువ వచ్చింది గానీ కాలుచేతులు కదలలేదు, గొంతు పెగలలేదు. అంతలో తాను పైకి తేలిపోయి, మంచం మీదున్న తన దేహాన్ని తానే చూస్తున్నట్లు తోచింది. "మౌలానాసాబ్, ఈసారి పోయిన ప్రాణం తిరిగి రాకుంటే?" అని అతడు మమ్మల్ని అడిగాడు.

ఇంట్లో అప్పటికే రెండు పక్షాలు ఏర్పడ్డాయి. తల్లి తావీజు కట్టించాలంటుంది. ఒక ఆమిల్ పదివేలు అడిగాడట. కాలేజీలో చదివే తమ్ముడు "అంతా మెదడు చేసే మాయ, ఆత్మ అన్నదే లేదు" అంటాడు. వీరిద్దరి వాదనల నడుమ ఆ యువకునికి రెండు వారాలుగా కంటి నిండా నిద్ర లేదు. నిద్రలేని మనిషి గనిలోకి దిగితే ఏమవుతుందో సింగరేణి ప్రాంతపు కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు.

ముందుగా వైద్యుల మాట విందాము. కలలు వచ్చే నిద్రలో దేహం కదలకుండా మెదడు కండరాలను సడలించి ఉంచుతుంది. ఆ పట్టు వీడకముందే మెలకువ వస్తే మనిషి కదలలేడు. కల కూడా కళ్లముందే సాగుతుంది. షిఫ్టులు మారుతూ నిద్ర వేళలు తప్పేవారిలో ఇది ఎక్కువ. ఎద మీద ఏదో కూర్చున్నట్లుండే ఈ స్థితిని మన పూర్వ వైద్యులు 'కాబూస్' అన్నారు. వెయ్యేళ్ల క్రితమే ఇబ్నె సీనా తన వైద్య గ్రంథం 'అల్ ఖానూన్'లో దీనిని వ్యాధుల వరుసలో చేర్చి, శారీరక కారణాలు వెతికారు.

2002లో జెనీవాలో ఓలాఫ్ బ్లాంకే అనే వైద్యుని బృందం ఒక మూర్ఛ రోగికి చికిత్స చేస్తూ, ఆమె మెదడు కుడిభాగంలో ఒకచోట స్వల్ప విద్యుత్తు ప్రసరింపజేసింది. వెంటనే ఆమెకు పైనుంచి తన దేహాన్ని తాను చూస్తున్నట్లు అనిపించింది. చూపు, స్పర్శ, శరీర సమతౌల్యం తెలిపే సంకేతాలు కలిసే చోటు అది. ఆ కలయిక చెదిరితే 'నేను ఎక్కడున్నాను' అన్న ఎరుక కూడా చెదురుతుంది.

మరోవైపు, ఇది ఆత్మ చేసే ప్రయాణమే అనేవారూ ఉన్నారు. 1990లో కర్నూలులో మొదలైన పిరమిడ్ ధ్యానోద్యమం సూక్ష్మశరీర యానాన్ని సాధనగానే బోధిస్తున్నది. గుండె ఆగి బతికినవారి అనుభవాలను కూడా సాక్ష్యంగా చూపుతారు. దీనిని తేల్చడానికి డాక్టర్ సామ్ పార్నియా బృందం ఆసుపత్రి గదుల్లో, పైనుంచి చూస్తేనే కనిపించేలా అరల మీద బొమ్మలు ఉంచింది. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం గుండె ఆగిన 2060 ఘటనలను పరిశీలించగా, బతికి మాట్లాడగలిగిన 140 మందిలో ఇద్దరు మాత్రమే తాము చూసినవీ విన్నవీ చెప్పారు. వారిలో ఒకరి మాటలు వాస్తవాలతో సరిపోలాయి. కానీ ఆ ఇద్దరికీ గుండె ఆగిన చోట బొమ్మల అరలే లేవు. కనుక పరీక్ష ఎటూ తేలలేదు.

మరి మన ధర్మం ఏమంటుంది? నిద్రలోనూ మరణంలోనూ అల్లాహ్ ప్రాణాలను స్వాధీనం చేసుకుంటాడని, మరణం నిర్ణయమైనవారి ప్రాణాన్ని ఆపి, మిగిలినవారిది గడువు వరకు తిరిగి పంపుతాడని సూరా అజ్ జుమర్ 42వ ఆయతు భావం. దీనిని చూపి "ఆ కుర్రవాని ప్రాణం తిరిగింది నిజమే" అన్నవారు ఉన్నారు. కానీ ఆయతును నిదానంగా చదవండి. తీసుకునేవాడు అల్లాహ్, పంపేవాడు అల్లాహ్. ఆత్మ తన ఇష్టాన గదిలో తిరుగాడి పైకప్పు చూసి వస్తుందని అందులో లేదు. రూహ్ గురించి మనకు ఇవ్వబడిన జ్ఞానం స్వల్పమేనని బనీ ఇస్రాయీల్ సూరా 85వ ఆయతు మనల్ని హెచ్చరిస్తున్నది.

అందువల్ల తమ్మునికి ఇలా చెప్పాము: "బాబూ, మెదడులో ఒక తీగ కదిపితే ఆ అనుభూతి కలుగుతుందని రుజువైంది, ఆత్మ లేదని రుజువు కాలేదు. దీపం ఆర్పే మీట దొరికినంత మాత్రాన విద్యుత్తు ఎక్కడిదో తెలిసినట్లు కాదు." తల్లికి ఇలా చెప్పాము: "అమ్మా, మన విశ్వాసం మీ అబ్బాయికి కలిగిన అనుభవం మీద ఆధారపడి లేదు. అది కేవలం నిద్రలోపమని తేలినా అల్లాహ్ మీద ఈమాన్‌కు వెంట్రుకంత లోటు రాదు. ఆ పదివేలు దాచుకోండి."

ఈ మాట మేము తేలికగా చెప్పలేదు. చాలా ఏళ్ల క్రితం ఒక సోదరి ఇలాగే తాను దూరం నుంచి తనను చూసుకుంటున్నట్లు ఉంటుందని చెబితే, నీళ్ల మీద చదివి ఊది ఇచ్చి పంపాము. వైద్యుని వద్దకు వెళ్లమని చెప్పలేదు. అది మూర్ఛవ్యాధికి తొలి సూచన. కొన్ని నెలల తర్వాత పొయ్యి దగ్గర పడి ఆమె చేయి కాలింది. చికిత్స చేయించుకొమ్మని దైవప్రవక్త (స) ఆదేశించారని పిల్లలకు పాఠం చెప్పే మేమే ఆనాడు ఆ పాఠం మరిచాము.

ఆ యువకుణ్ణి మరునాడే వైద్యునికి చూపించమన్నాము. పగటి నిద్రకు గదిని చీకటిగా ఉంచమని, వెల్లకిల పడుకోక కుడివైపు తిరిగి పడుకొమ్మని చెప్పాము. కుడివైపు పడుకోవడం ప్రవక్త (స) సున్నత్ కూడా. ఇక అతని ప్రశ్నకు జవాబు, నిద్రకు ముందు చదవమని ప్రవక్త (స) నేర్పిన దుఆలోనే ఉంది: ప్రాణాన్ని ఆపుకుంటే కరుణించమని, తిరిగి పంపితే కాపాడమని దాసుడు ప్రభువును వేడుకుంటాడు. తిరిగి రాకుంటే ఎలా అన్న భయాన్ని, రోజూ పడుకునే ముందు ఆయనకే అప్పగించి కళ్లు మూసుకోవాలి.

వారం తర్వాత ఆ తండ్రి జుమా నమాజ్‌లో కలిశారు. "పిల్లవాడు నిద్రపోతున్నాడు మౌలానాసాబ్" అన్నారు. అల్‌హమ్దులిల్లాహ్.