ఎక్స్‌టెన్షన్ కట్టేముందు పాత ఇంటి ప్లాను చూడండి

బర్మింగ్‌హామ్‌లో మనవాళ్లకి ఎక్స్‌టెన్షన్ అంటే పెరటివైపు వేసుకునే గదే గుర్తొస్తుంది. డేటాబేసుకీ అలాంటి గదులుంటాయి.

మా తెలుగు బడి పుస్తకాల జాబితా పోస్ట్‌గ్రెస్‌లో ఉంది. దానికి పీజీవెక్టర్ కలుపుదామని కంపైల్ చేస్తే, క్లాంగ్ దొరకలేదంటూ ఆగిపోయింది. జీసీసీ ఉందిగా, మళ్లీ క్లాంగ్ ఎందుకు? విసుగొచ్చి సర్వరు మొత్తం తీసేసి మళ్లీ పెడదామనుకున్నాను. బ్యాకప్ లేదని గుర్తొచ్చి ఆగాను.

లోపం కొత్త గదిది కాదండీ. ఎక్స్‌టెన్షన్లు సాధారణంగా పీజీ కాన్ఫిగ్‌ని అడిగి, సర్వరుని ఎలా కట్టారో అలాగే కడతాయి. 2018లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి సర్వరుని ఎల్‌ఎల్‌వీఎంతో కట్టుకోవచ్చు. అలా కట్టి ఉంటే ఎక్స్‌టెన్షన్‌కీ బిట్‌కోడ్ చేయబోతుంది. ఆ పనికే క్లాంగ్.

క్లాంగ్ పెట్టుకోండి, లేదా మేక్, మేక్ ఇన్‌స్టాల్ రెంటికీ విత్ అండర్‌స్కోర్ ఎల్‌ఎల్‌వీఎం ఈక్వల్స్ నో అని చేర్చండి. బిట్‌కోడ్ లేకపోయినా ఎక్స్‌టెన్షన్ పనిచేస్తుంది.

మెషీన్లో రెండు వెర్షన్లుంటే ఏ పీజీ కాన్ఫిగ్ పలుకుతోందో కూడా చూసుకోండి. 15కి కట్టింది 16 లోపలికి రానివ్వదు.

ఏదో లేదని కంప్యూటర్ అంటే, అది ఎవరికి కావాలో ముందు అడగండి. అన్నట్టు, బ్యాకప్ తీసుకున్నాకే మొదలుపెట్టండి. సెలవు.