కాఫీశాలలో పాట

అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున సారటోగా స్ప్రింగ్సు అను చిన్న పట్టణము కలదు. ఖనిజజలపు ఊటలకును, గుఱ్ఱపు పందెములకును అది పేరుపడినది. అచ్చట ఒక పాత కట్టడపు మేడమీద సుమారు నూరుమంది మాత్రమే పట్టు గది యున్నది. దాని పేరు కెఫే లీనా. 1960వ సంవత్సరమున లీనా స్పెన్సరు, ఆమె భర్త బిల్ స్పెన్సరు దానిని తెఱచిరి. కొన్నాళ్ళు కాఫీ యమ్మి, సొమ్ము కూడబెట్టుకొని, ఐరోపాకు వెడలి సుఖముగా నుండవలెనని వారి తలంపు. ఆ సొమ్ము కూడలేదు; కాఫీశాల మాత్రము నేటికిని నడచుచున్నది.

ఆ గదికి ప్రసిద్ధి తెచ్చినది కాఫీ కాదు, పాట. మనము జానపద గేయమనగా సామాన్యముగ కర్త యెవరో తెలియని పాటయని తలంతుము. నాట్లలోను, దంపుళ్ళలోను పుట్టి, నోటినుండి నోటికి నడచి వచ్చినది. అమెరికాలో ఇరువదవ శతాబ్దమున వేఱొక తెగ గాయకులు బయలుదేరిరి. వీరు పాత బాణీలను పల్లెలనుండి నేర్చుకొని, తమ కాలపు సంగతులను ఆ ఫక్కిలోనే పాటలుగ కట్టి, గిటారు మీటుచు తామే పాడుదురు. కఱవుచే ఊళ్ళు విడిచిన రైతులనుగూర్చి పాడిన వుడీ గత్రీ వీరికి పెద్దదిక్కు.

ఇట్టి పాటలో ప్రాణము మాటలయందున్నది. పెద్ద సభలో మాట చెదరిపోవును. చిన్న గదిలోనైతే గాయకుని వ్రేళ్ళ కదలికయు, ఊపిరి తీయుటయు ముందు బల్లవారికి తెలియును. పాటకును పాటకును నడుమ, ఆ పాట ఎట్లు పుట్టినదో అతడు ముచ్చటగా చెప్పును. కాని చిక్కు కూడ అచ్చటనే యున్నది. ఫలహారమునకు వచ్చినవానికి పాట నంజుకొను పచ్చడి వంటిది. గరిటెల చప్పుడు, పింగాణీ గలగల, ఇరుగుపొరుగు కబుర్లు! వీనితో పోటీపడి కేకవేసిన గాయకుడు ఓడుట నిశ్చయము. నేర్పరి గొంతు తగ్గించును. వినవలెనను కోరిక యున్నవాడు తన ప్రక్కవానిని తానే ఊరకుండుమనును.

ఆ నేర్పు అందఱికిని మొదటనే అబ్బదు. 1961లో బాబ్ డిలన్ అను ఇరువదియేండ్ల యువకుడు కెఫే లీనాలో పాడెను. అప్పటి కతని పేరెఱిగినవారు అరుదు. శ్రోతలు అతని నాలకింపక తమలో తాము మాటలాడుకొనిరట. బిల్ స్పెన్సరు వేదికనెక్కి వారిని మందలించెనని చెప్పుదురు. ఆ యువకునికే 2016లో సాహిత్యమునకు నోబెల్ బహుమానము వచ్చినది. ఆ రాత్రి కబుర్లాడినవారు పిమ్మట ఏమనుకొనిరో గాని, వినుటకు వచ్చితిమని గొప్పగా చెప్పుకొన్నవారు మాత్రము ఆ గదిలో పట్టనంతమంది యుందురు.

కొలదికాలమునకే బిల్ భార్యను విడిచి వెడలిపోయెను. లీనా ఒంటరిగా ఆ శాలను నడపెను. రాబడి చాలదు, అద్దె తప్పదు. అయినను దూరమునుండి వచ్చిన పేద గాయకులకు తన యింటనే అన్నము పెట్టి, పడకయిచ్చెను. పేరుగలవారితోపాటు, పేరులేని క్రొత్తవారికిని ఆ వేదికపై చోటు దొరకెడిది. ఇట్లు దాదాపు ముప్పదియేండ్లు గడచెను. 1989లో ఆ కాఫీశాల మెట్లమీదనుండి పడి, ఆ దెబ్బలవలన ఆమె మరణించెను.

శాల మూతపడునేమోయని అందఱును తలంచిరి. ఆమె మిత్రులును, ఆ గదిలో పాటలు వినినవారును కలిసి, లాభాపేక్షలేని సంఘముగా ఏర్పడి, దానిని నిలిపిరి. 2016లో ఆ కట్టడమును బాగుచేయించి, మెట్లెక్కలేనివారికై లిఫ్టును అమర్చిరి. నేటికిని బల్లలు వేదికకు చేరువగనే యున్నవి.