నవ్వుల నైవేద్యం

భక్తి అనగానే మన మనస్సులో మెదిలే రూపం ఒకటుంది. మూసిన కన్నులు, జోడించిన చేతులు, గంభీరమైన మౌనం. అందువల్లనే గుడి అరుగు మీద నలుగురు యువకులు పకపక నవ్వుతూ కనిపించగానే పెద్దల కనుబొమలు ముడిపడతాయి. ‘వీళ్లు దేవుని కోసం వచ్చారా, సరదా కోసం వచ్చారా?’ అన్న ప్రశ్న మీ ఇంట కూడా ఎప్పుడో ఒకప్పుడు వినిపించే ఉంటుంది. దానికి వ్యాసభగవానుడు భాగవతంలో సమాధానం చెప్పాడు. పోతనామాత్యుడు దానిని తేటతెలుగు చేసి మనకు అందించాడు. ఆ సమాధానం కన్నులారా చూడదలచిన వారు మహాశివరాత్రి నాడు కోటప్పకొండ దారిలో కాసేపు నిలబడితే చాలు.

కోటి ప్రభల మాట

నరసరావుపేటకు దాపున, ఇప్పటి పల్నాడు జిల్లాలో, పత్తి, మిరప చేల నడుమ మూడు శిఖరాలతో నిలిచిన కొండ త్రికూటాచలం. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలని వాటికి పేర్లు. అక్కడ వెలసిన త్రికూటేశ్వరుని మేధా దక్షిణామూర్తి స్వరూపంగా ఆరాధిస్తారు. దక్షయజ్ఞం తరువాత పరమశివుడు పన్నెండేళ్ల వటువు రూపంలో ఇక్కడ తపమాచరించాడని స్థలపురాణం. బ్రహ్మచారి స్వరూపం కనుక ఇక్కడ స్వామికి కల్యాణోత్సవం జరపరు. దక్షిణామూర్తి అంటేనే వృద్ధులైన శిష్యులకు జ్ఞానబోధ చేసే యువగురువు. యౌవనాన్ని చిన్నచూపు చూడరాదని చెప్పడానికి ఇంతకంటె వేరే మూర్తి కావాలా?

గొల్లభామ ఆనందవల్లి భక్తికి మెచ్చి స్వామి ఆమె వెంట కొండ దిగసాగాడనీ, ఆమె వెనుదిరిగి చూసిన చోటనే నిలిచిపోయాడనీ భక్తులు చెప్పుకొంటారు. కోటి ఒక్క ప్రభలు తన కొండకు వచ్చిననాడు స్వామి కిందికి దిగివస్తాడన్న మాట కూడా ఈ ప్రాంతంలో తరతరాలుగా ప్రచారంలో ఉంది. ఈ మాటలోని అంతరార్థాన్ని కొంచెం ఆలోచించండి. కోటి ప్రభలను ఒక మనిషి కట్టలేడు. ఒక ఊరు కట్టలేదు. ఒక తరం కూడా కట్టలేదు. ఎంతటి ధనవంతుడైనా, ఎంతటి పండితుడైనా ఒంటరిగా తీర్చలేని మొక్కు ఇది. స్వామి కోరినది తోడు. పక్కవాని భుజం, పై ఊరి సాయం, రాబోయే తరం చేయూత కలిస్తే తప్ప ముందుకు సాగని లెక్క అది.

మోకు పట్టిన చేతులు

ఆ లెక్కకు ఏటా తమ వంతు చేర్చడానికి కావూరు, కమ్మవారిపాలెం, పురుషోత్తమపట్నం, మద్దిరాల వంటి గ్రామాల యువకులు నడుం కడతారు. మాఘ బహుళ చతుర్దశి నాటికి ఈ మైదానంలో మిరప కోతలు సాగుతుంటాయి. కళ్లాలలో ఎర్రని కాయలు ఆరబోసి ఉంటాయి. పగలంతా చేలో ఒళ్లు వంచినవాడు, కళ్లలో ఘాటు ఇంకా మండుతుండగానే, రాత్రికి ప్రభ కట్టే చోటికి చేరుకొంటాడు. చట్రం బిగించేవాడొకడు, రంగుల గుడ్డ తొడిగేవాడొకడు, దీపాలు అమర్చేవాడొకడు. పని ఎంత కష్టమో పరిహాసం అంత జోరు. ముడి జారిన వానిని ఏడాది పొడుగునా ఆటపట్టిస్తారు. ఆ ఆటపట్టింపులో అలసట తెలియదు.

పెద్ద ప్రభలు 80, 90 అడుగుల ఎత్తు దాకా లేస్తాయి. పూర్వం ఎడ్లు లాగేవి. నేడు పెద్ద విద్యుత్ ప్రభలకు ట్రాక్టర్లు కడుతున్నారు. అంత ఎత్తైన ప్రభ గతుకుల దారిలో ఊగుతూ కదులుతుంటే దానిని నిలబెట్టేది నాలుగు దిక్కులా మోకులు పట్టిన చేతులే. కుడివైపు వారు లాగితే ఎడమవైపు వారు సడలించాలి. ఒక్కరు పరధ్యానంలో పడినా అందరికీ ప్రమాదం. అంతవరకు వేళాకోళమాడినవాడే ఆ క్షణంలో పెదవి బిగించి, మిత్రుని కళ్లలోకి చూస్తూ మోకు సవరిస్తాడు. నవ్వుతూ పెరిగిన స్నేహం వల్లనే ఆ చూపులోని సంకేతం మాట అక్కరలేకుండా అందుతుంది.

యమునాతీరంలో చల్దులు

ఇప్పుడు భాగవతం దశమస్కంధానికి వద్దాం. అఘాసుర సంహారం ముగిసింది. గోపబాలురు యమునాతీరంలో, ఇసుకతిన్నె మీద చల్దులు విప్పారు. తామరదుద్దు చుట్టూ రేకుల వలె కృష్ణుని చుట్టూ వలయంగా కూర్చున్నారు. అక్కడ స్తోత్రాలు లేవు, మంత్రాలు లేవు. ఒకడు ఊరగాయ చూపించి ఊరిస్తూ తింటాడు. ఇంకొకడు పక్కవాని కంచంలోది లాక్కొని మింగి, ఏమీ లేదని నోరు తెరిచి చూపిస్తాడు. మరొకడు పందెం వేసి అయిదారుగురి పాలు తానే ఆరగిస్తాడు. యజ్ఞభోక్త అయిన పరమాత్మ ఆ ఎంగిలి నవ్వుల నడుమ కూర్చొని తానూ నవ్వుతూ చల్ది తింటున్నాడు. పచ్చళ్ల ఘాటు తెలిసిన మన సీమవారికి ఈ ఘట్టంలోని రుచి వేరే చెప్పవలసిన పని లేదు.

చతుర్ముఖునికి మాత్రం ఇది అర్థం కాలేదు. సృష్టికర్త, వేదమూర్తి, అందరిలోకి పెద్ద. ఈ పిల్లవాడు నిజంగా పరమాత్మేనా అని పరీక్షించబోయి దూడలనూ, బాలురనూ దాచాడు. కృష్ణుడే ఆ దూడలూ బాలురూ అయి ఏడాదిపాటు ఇంటింటా మెలగితే గాని బ్రహ్మకు కనువిప్పు కలగలేదు. పిల్లల నవ్వులలో దైవం ఉండదనుకోవడం అంతటి పెద్దకు కూడా తప్పని పొరపాటు! ప్రహ్లాదుడు చెప్పిన నవవిధ భక్తులలో ఎనిమిదవది సఖ్యం. దాస్యానికి తరువాత, ఆత్మనివేదనానికి ముందు దానికి చోటు దక్కింది. స్నేహం ఎరుగనివాడు తనను తాను అర్పించుకోలేడని ఆ వరుసలోనే మనం గ్రహించవచ్చు.

పొరుగు మందిరంలో

ఈ సంగతి మన సంప్రదాయానికే పరిమితం కాదు. జాన్ హేయర్ అనే లూథరన్ మిషనరీ 1842లో గుంటూరు వచ్చాడు. తరువాత ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు ప్రధాన కేంద్రమైంది. నాటి నుంచి ఈ మైదానపు పల్లెల్లో రామాలయపు గంట, చర్చి గంట రెండూ వినిపిస్తూనే ఉన్నాయి. డిసెంబరు చలిలో నక్షత్రపు దీపం పట్టుకొని, క్రిస్మస్ తాత వేషంతో పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగే క్రైస్తవ యువజనుల కేరింతలు మీరూ వినే ఉంటారు. ధనుర్మాసపు తెల్లవారుజామున సంకీర్తన చేస్తూ వీధులు తిరిగే మన భజన బృందాలకు అవి దూరపు చుట్టాలే.

సాయంత్రం పూట మన ఊళ్లలో వల కట్టి ఆడే వాలీబాల్ ఎక్కడ పుట్టిందో తెలుసా? లండన్‌లో 1844లో మొదలైన క్రైస్తవ యువజన సంఘం, అంటే వైఎంసీఏ, అమెరికా శాఖలో వ్యాయామం నేర్పే విలియం మోర్గాన్ 1895లో ఆ ఆటకు రూపమిచ్చాడు. అదే దేశంలో 1881లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరు తన చర్చి యువకుల కోసం క్రిస్టియన్ ఎండీవర్ అనే సంఘాన్ని నెలకొల్పాడు. అందులో సభ్యులకు తలా ఒక బాధ్యత అప్పగించారు. ప్రార్థన కూటానికి ఒక కమిటీ ఉన్నట్లే, అందరూ కలిసి ఉల్లాసంగా గడిపే వేళల కోసం కూడా ఒక కమిటీ పెట్టారు. యువకుని చేతికి పని ఇస్తే అతని నవ్వు గాలివాటుగా పోదన్న సూత్రం అందులో ఉంది. మన ప్రభ మోకులోనూ ఉన్నది అదే. మార్గాలు వేరు కావచ్చు. మంచి ఎక్కడ ఉన్నా గ్రహించమనే మన పెద్దలు చెప్పారు.

పంక్తిలో లేనివారి కోసం

అయితే ప్రతి నవ్వూ నైవేద్యం కాదు. బలహీనుని మీద విసిరిన పరిహాసం, మద్యం మత్తులో పుట్టిన కేక, పక్క ఊరి ప్రభ కంటె మనది పొడవన్న పంతంతో చేసిన అప్పు, మోకు పట్టుకోవడానికి వచ్చిన వానిని ఏ వాడవాడవని అడిగే మాట, ఇవేవీ స్వామికి చేరవు. మంచి నవ్వుకు గురుతు ఏమిటి? దానికీ చల్దుల ఘట్టమే సమాధానం చెబుతుంది.

భోజనం మధ్యలో దూడలు కనిపించకుండా పోయాయి. గోపబాలురు కలవరపడ్డారు. కృష్ణుడు వారిని తినడం ఆపవద్దని చెప్పి, చేతిలోని చల్దిముద్ద చేతిలోనే ఉండగా తానే వెదకడానికి లేచి వెళ్లాడు. అంత సంబరంలోనూ తప్పిపోయిన వాటిని వెదకడం ఆయన మరువలేదు. ఏడాది గడిచి ఆయన తిరిగి వచ్చేసరికి, అది అరక్షణమే అనుకొన్న ఆ మిత్రులు, నీవు లేక ఒక్క ముద్ద కూడా తినలేదని చెప్పారు. దైవసన్నిధిలోని స్నేహానికి గీటురాయి ఇదే. పంక్తిలో ఎవరు లేరో చూడగలగాలి. వారి కోసం లేచి వెళ్లగలగాలి.

ఈ నేలకు ఆ చూపు ఎంత అవసరమో 1987-88 సంవత్సరాలు చెబుతాయి. పత్తిపై తెల్లదోమ విరుచుకుపడి పంట పోయినప్పుడు, అప్పుల భారం మోయలేక గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పలువురు రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. మిత్రుల నవ్వు అప్పు తీర్చదు; తెల్లదోమను చంపదు. కానీ రోజూ భజనకు వచ్చేవాడు రెండు రాత్రులుగా రాలేదేమని అడిగే నలుగురు ఉన్నచోట మనిషి తన బాధతో ఒంటరిగా మిగలడు. ‘ఏరా, రాలేదేం?’ అన్న పలకరింపు చిన్నదే. తలుపు మూసుకొని కుమిలేవానికి అది కొండంత అండ.

కనుక తల్లిదండ్రులారా, మీ పిల్లలు భజన మందిరంలోనో, ప్రభ కట్టే చోటనో నవ్వుతూ ఆలస్యం చేస్తే వెంటనే కసరకండి. ఎవరితో నవ్వుతున్నారో, ఎవరినైనా చూసి నవ్వుతున్నారో తెలుసుకోండి. వారి చేతికి ఒక బాధ్యత అప్పగించండి. ఇంటికి వచ్చాక ‘ఈ రోజు ఎవరు రాలేదు?’ అని అడగండి. ఆ ప్రశ్న అలవాటైతే, మరునాడు వారే ఆ రానివాని గడప తొక్కుతారు.

కోటి ఒక్కటికి ఇంకా ఎన్ని ప్రభలు మిగిలాయో ఆ త్రికూటేశ్వరునికే ఎరుక. ఒక్క మోకు వదలకుండా, ఒక్క మిత్రుని మరువకుండా మన పిల్లలు తమ వంతు ప్రభను నవ్వుతూ నడిపిస్తే, ఆ ఏటికి లెక్క సరిపోయినట్లే.