భోజనశాలల పొగగూడు

ఈనాడు మన పట్టణములలో పెక్కుమంది స్త్రీలు మెస్సులు, కర్రీపాయింట్లు నడపుచున్నారు. మఱికొందఱు వానియందు వంటపని చేయుచున్నారు. అచ్చట తెల్లవాఱినది మొదలు రాత్రివఱకు నూనె కాగుచునే యుండును. ఆ పొగను వెడలించు ఎగ్జాస్టు యంత్రమును గూర్చి సోదరీమణులకు కొన్ని మాటలు విన్నవించుచున్నాను.

కాగిన నూనెయావిరి చల్లని లోహమును తగిలి జిడ్డుగా పేరుకొనును. పొయ్యిమీది గొడుగును దినదినము తుడుచువారు గలరు గాని, దానివెనుక గొట్టమును చూచువారు అరుదు. బాణలిలో లేచిన మంట ఆ జిడ్డునంటెనా, గొట్టమువెంట ప్రాకి పైకప్పును చేరును. కావున ఫిల్టర్లను వేడినీటను సబ్బుతో తఱచుగా కడుగుచు, గొట్టమును తెలిసినవారిచే శుభ్రపఱపింపవలయును. అమెరికాదేశపు ఎన్.ఎఫ్.పి.ఏ. 96 అను అగ్నిరక్షణ ప్రమాణము, కట్టెలు, బొగ్గులు వాడు వంటశాలలను నెలకొకసారియు, ఎడతెగక వండువానిని మూడు నెలలకొకసారియు పరీక్షింపవలెనని చెప్పుచున్నది. ఆ లెక్క మనకును పనికివచ్చును.

ఋతువునుబట్టి జాగ్రత్త మాఱును. వేసవిలో దుమ్ము జిడ్డునంటి ఫ్యానురెక్కలు బరువెక్కి యదరును. తొలకరికి ముందే గొట్టపుమూతను, విద్యుత్తీగలను చూపించుకొనవలయును. సముద్రతీరమున ఉప్పుగాలికి ఇనుము త్వరగా త్రుప్పుపట్టును. తుడుచుటకు ముందు కరెంటు కట్టివేయుట మఱువరాదు. వానజల్లుకో చలికో వెఱచి కిటికీలన్నియు మూసినచో, ఫ్యాను తిరుగుచున్నను పొగ పోదు. లోనికి గాలి రానిదే వెలుపలికి పోవుటెట్లు? బొగ్గులపొయ్యి యున్నచోట ఇది ప్రాణాపాయము. దానినుండి పుట్టు కార్బన్ మోనాక్సైడునకు రంగును లేదు, వాసనయు లేదు. ఫిల్టరు చెంత పలుచని కాగితము నుంచిన, యంత్రము దానిని లాగికొనవలయును. లాగనిచో ఎచ్చటనో అడ్డున్నదని యెఱుగవలయును.

చట్టమును తెలిసికొనుట మంచిది. 2006 నాటి ఆహారభద్రతా చట్టము ననుసరించి 2011లో వెలువడిన నిబంధనలు, మలినమైన చోటినుండి శుభ్రమైన చోటికి గాలి వీవని యేర్పాటుండవలెనని విధించుచున్నవి. గొట్టము పొరుగువారి కిటికీవైపు తిరుగకుండ, అమర్చుటకు ముందే పురపాలకసంఘమును, అగ్నిమాపకశాఖను అడుగవలయును.

అధికమైన వేడిలో వేపుటవలన లేచు పొగ మనుష్యులకు క్యాన్సరు కలిగించుట సంభావ్యమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనాసంస్థ 2010లో ప్రకటించిన గ్రంథమున వర్గీకరించినది. డబ్బులపెట్టెకడ గూర్చున్న యజమానురాలికి ఆ పొగ కనబడదు. పొయ్యికడ నిలిచిన యామెను, “కండ్లు మండుచున్నవా, దగ్గు వచ్చుచున్నదా” యని వారమునకొకసారి యడుగుడు. యంత్రము చెడిన సంగతి అందఱికన్న ముందు తెలియునది ఆమెకే.