మైకు ముందు కోచ్: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ క్రీడా విలేకరులకు శంషాబాద్ విమానాశ్రయం సగం ఆఫీసు లాంటిది. 2016 ఆగస్టు 22న రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ వెండి పతకంతో పి.వి. సింధు, కోచ్ పుల్లెల గోపీచంద్ అక్కడ దిగారు. ముంబై నుంచి తెప్పించిన పైకప్పు లేని డబుల్ డెక్కర్ బస్సెక్కించి వాళ్లను గచ్చిబౌలి స్టేడియం దాకా ఊరేగించారు. అదే ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్ గ్రూప్ దశలోనే ఓడిపోయింది. సింధు ఊరేగింపుకు రెండు రోజుల ముందే ముంబైలో సైనా మోకాలికి శస్త్రచికిత్స జరిగింది.

గెలిచిన మనిషి పక్కన నిలబడి కోచ్ ఏం చెప్పినా చెల్లుతుంది. ఓడుతున్న మనిషి గురించి అడిగినప్పుడే నోరు జాగ్రత్తగా విప్పాలి. బాస్కెట్‌బాల్‌లో ఈ బెడద మరీ ఎక్కువ. ఎవరు ఎన్ని షాట్లు పోగొట్టారో స్కోరు షీటే చెప్పేస్తుంది, అమెరికా లీగ్ ఎన్‌బీఏలో అయితే మ్యాచ్‌కి ముందూ తర్వాతా కోచ్ విలేకరుల ముందుకు రావాల్సిందే. ఆ మాటల చుట్టూ మన దగ్గర బాగా పాతుకుపోయిన అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: నలుగురిలో కడిగేస్తే రోషం వచ్చి బాగా ఆడతారు.

వాస్తవం: సంబంధం చెడడానికి కడిగేయడం దాకా కూడా అక్కర్లేదు, ఒక్క తడబాటు చాలు. 2021 జూన్ 20న ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్ సొంతగడ్డపై అట్లాంటా హాక్స్ చేతిలో సిరీస్ ఏడో మ్యాచ్ 103–96తో ఓడి ప్లేఆఫ్స్ నుంచి తప్పుకుంది. ఆ ప్లేఆఫ్స్‌లో బెన్ సిమన్స్ 73 ఫ్రీ త్రోల్లో 25 మాత్రమే వేశాడు. చివరి నిమిషాల్లో రింగు కిందే బంతి చేతిలో ఉన్నా, తాను వేయకుండా పక్కవాడికి అందించాడు. ఛాంపియన్ జట్టుకు పాయింట్ గార్డ్ కాగలడా అని విలేకరి అడిగితే, దానికి ఇప్పుడు నా దగ్గర జవాబు లేదన్నట్టు కోచ్ డాక్ రివర్స్ మాట్లాడాడు. ఆ సీజన్ పొడవునా సిమన్స్‌ను వెనకేసుకొచ్చింది కూడా ఈయనే! అదంతా ఎవరికీ గుర్తులేదు, ఈ ఒక్క మాటే మిగిలింది. సిమన్స్ తనను వేరే జట్టుకు పంపమన్నాడు, ఫిలడెల్ఫియాకు మళ్లీ ఒక్క మ్యాచ్ ఆడలేదు, 2022 ఫిబ్రవరిలో బ్రూక్లిన్‌కు వెళ్లిపోయాడు. తెగతెంపులకు ఆ మాట ఒక్కటే కారణం అనను. కానీ రోషం పని చేస్తుందనేవాళ్లు ఈ కథకు ఏం సమాధానం చెబుతారో వినాలని ఉంది.

ఓడిన అరగంటలో అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబు ఇవ్వాలని రూలేం లేదు. “ఈ రాత్రి దాని గురించి మాట్లాడను, ముందు అతనితో మాట్లాడాలి” అనడం కూడా జవాబే. బైట్ దొరకలేదని విలేకరి విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

అపోహ: తప్పు తనదని ఒప్పుకున్న కోచ్ జట్టులో లోకువవుతాడు.

వాస్తవం: 2025 దాకా శాన్ ఆంటోనియో స్పర్స్ కోచ్‌గా ఉన్న గ్రెగ్ పాపోవిచ్‌కు ఐదు టైటిళ్లున్నాయి. 2017 వేసవిలో లమార్కస్ ఆల్డ్రిడ్జ్ ఇక్కడ సుఖంగా లేను, పంపించేయమని ఆయనకు చెప్పాడు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. అతనికి అతిగా కోచింగ్ ఇచ్చాను, లోపం నాదేనని పాపోవిచ్ తర్వాత విలేకరులకే చెప్పాడు. అంతకు ముందు సీజన్‌లో మ్యాచ్‌కు 17.3 పాయింట్ల సగటున్న ఆల్డ్రిడ్జ్, 2017–18లో 23.1కి చేరి ఆల్ స్టార్ అయ్యాడు. పాపోవిచ్‌ను లోకువ చేసినవాళ్లెవరూ కనపడలేదు.

మన దగ్గరి ఉదాహరణ బ్యాడ్మింటన్‌లో ఉంది. 2022 కామన్వెల్త్ క్రీడల్లో ఎడమ చీలమండ గాయం తర్వాత సింధు ఐదు నెలలు ఆటకు దూరమైంది. 2023 జనవరిలో తిరిగొచ్చి మలేసియా ఓపెన్, ఇండియా ఓపెన్ రెండిటిలోనూ మొదటి రౌండ్‌లోనే ఓడింది. టోక్యో ఒలింపిక్స్ కాంస్యం నాటి కొరియా కోచ్ పార్క్ తే సాంగ్ ఆ ఫిబ్రవరిలో విడిపోతున్నట్టు ఇన్‌స్టాగ్రామ్‌లో రాశాడు. ఇటీవలి మ్యాచ్‌ల్లో ఆమె ఆట నిరాశపరిచిందనీ, కోచ్‌గా బాధ్యత తనదేననీ, కొత్త కోచ్ కావాలన్న ఆమె నిర్ణయాన్ని గౌరవిస్తాననీ దాని సారాంశం. మొదటి ముక్క లేకపోయినా నష్టం లేదు, ఆ ఓటములు లోకమంతా చూసింది. మిగతాది మాత్రం అచ్చంగా ఎలా ఉండాలో అలాగే ఉంది.

అపోహ: గాయం సంగతి చెబితే సాకు అనుకుంటారు.

వాస్తవం: చెప్పకపోతే దాని స్థానంలో జనం “పని అయిపోయింది” అని రాసుకుంటారు. రియో ఓటమి తర్వాత సైనాను సామాను సర్దుకోమన్న అభిమానులూ ఉన్నారు. మోకాలు బాగయ్యాక 2017 జనవరిలో ఆమె మలేసియా మాస్టర్స్ గెలిచింది. గాయం ఆటగాడి సొంత విషయం కాబట్టి ఎంత చెప్పాలో వాళ్లనే అడగాలి. చెప్పదలిస్తే రెండు వాక్యాల్లో ముగించాలి.

అపోహ: వరుసగా ఓడుతుంటే లోపం మనసులోనే.

వాస్తవం: 2017 గ్లాస్గో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో జపాన్‌కు చెందిన ఒకుహరాతో సింధు 110 నిమిషాలు ఆడి మూడో గేమ్ 20–22తో ఓడింది. 2018లో ప్రపంచ ఫైనల్, ఆసియా క్రీడల ఫైనల్ కూడా చేజారాయి. పత్రికలు “ఫైనల్ ఫోబియా” అనే పేరు తగిలించాయి. 2019లో బాసెల్‌లో అదే ఒకుహరాను 21–7, 21–7తో చిత్తు చేసింది. రెండు పాయింట్ల తేడాకు జబ్బు పేరు పెట్టడం డెస్కు పని. కోచ్ నోటి నుంచి ఆ పేరు రాకూడదు.

అపోహ: అయితే “బాగానే ఆడుతోంది” అని కప్పెట్టడమే క్షేమం.

వాస్తవం: చూసేవాళ్లకు కళ్లున్నాయి. కప్పెడితే కోచ్ మాటకే విలువ పోతుంది, ఆడే అమ్మాయి కూడా నమ్మదు. పనిని పేరు పెట్టి చెప్పాలి, మనిషికి పేరు పెట్టకూడదు. “ఒత్తిడి తట్టుకోలేదు” అంటే అది తీర్పు. “ఫ్రీ త్రో వేసేటప్పుడు మోకాళ్లు వంచడం లేదు, బంతి రింగు ముందు అంచుకే తగులుతోంది, రోజూ ప్రాక్టీస్ చివర్లో కాళ్లు అలిసిపోయాక వేయిస్తున్నాం” అంటే అది సమాచారం. విలేకరికి రాసుకోవడానికి ఏదో ఒకటి దొరికింది, అమ్మాయికి తలవంపులు లేవు. అయితే ఆ మాట ఆమె కోచ్ నోట ముందే విని ఉండాలి, పేపర్లో చదివి తెలుసుకోకూడదు.

వేళ కూడా చూసుకోవాలి. రియోలో పతకం ఖాయమయ్యాకే గోపీచంద్ మూడు నెలలుగా సింధు ఫోన్ తీసేసుకున్న సంగతి, ఐస్‌క్రీమ్ మాన్పించిన సంగతి బయటపెట్టారు. దేశమంతా ముచ్చటపడింది. అదే మాట ఓడిన రోజు వచ్చి ఉంటే చాడీలా వినిపించేది.

ఇదంతా పెద్దవాళ్ల లీగుల గొడవ, జిల్లా టోర్నీలకెందుకు అనుకోకండి. రంగారెడ్డి జిల్లా అండర్–14 మ్యాచ్‌కి కూడా ఇప్పుడు ఒక యూట్యూబ్ ఛానల్ గొట్టం వస్తుంది, ఆ క్లిప్ సాయంత్రానికల్లా స్కూలు వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. పీఈటీ మాస్టార్లూ, కోచ్‌లూ, ఒక్క విన్నపం: ఓడిన రోజు మైకు ముందు పిల్లల పేర్లు ఎత్తకండి. విలేకరి మిత్రులారా, మీరూ అడగకండి.